లేబుల్ చూడకుండా వైన్ ఏ ప్రాంతానిదో ఎలా చెబుతారు?

పులుపు, ఆల్కహాల్ ఘాటు, వైన్‌ను నిల్వ ఉంచే ఓక్ చెక్క పీపాల వాసన, ఈ మూడింటినీ కలిపి చూసి చెబుతారు. అడ్వాన్స్‌డ్ టేస్టింగ్ క్లాసుల్లో నేర్పేవాటిలో ఇదొకటి.

పచ్చి మామిడికాయ పండేకొద్దీ పులుపు తగ్గి తీపి పెరుగుతుంది కదా, ద్రాక్షా అంతే. చల్లటి ప్రాంతంలో పులుపు నిలిచి ఉంటుంది, చక్కెర తక్కువ చేరుతుంది. వేడి ప్రాంతంలో ఇది తిరగబడుతుంది. పులిసేటప్పుడు ఆ చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది.

తెల్ల వైన్ చేసే షార్డొనే ద్రాక్షనే తీసుకోండి. ఫ్రాన్స్‌లో బుర్గుండీ అనే వైన్ ప్రాంతానికి ఉత్తరపు కొసన ఉన్న షాబ్లీ చల్లటి చోటు. అక్కడి వైన్ గుటక వేయగానే నిమ్మచెక్క కొరికినట్టు దవడల పక్కన నీళ్లూరతాయి. ఆల్కహాల్ సాధారణంగా 12.5 శాతం దగ్గర ఉంటుంది. కాలిఫోర్నియాలోని నాపాలో అదే ద్రాక్ష బాగా పండుతుంది. ఆల్కహాల్ తరచుగా 14 శాతం దాకా వెళ్తుంది, గొంతులో వెచ్చగా దిగుతుంది. కొత్త ఓక్ పీపాల్లో ఉంచితే వెనిలా వాసన కూడా తోడవుతుంది. పక్కపక్కన పెట్టి రుచి చూస్తే రెండూ ఒకే ద్రాక్ష అంటే నమ్మబుద్ధి కాదు, అంత తేడా!

చాలామంది పొరపడేది మట్టి దగ్గరే. షాబ్లీ సున్నపురాయి నేలలో పాతకాలపు ఆల్చిప్పల శిలాజాలు ఉన్నాయి కాబట్టి ఆ రుచే గ్లాసులోకి వస్తుందనుకుంటారు. రాయి రుచి వేళ్ల గుండా పండులోకి ఎక్కదు. ముఖ్యంగా నీరు ఎంత నిలుస్తుంది, నేల ఎంత వెచ్చగా ఉంటుంది అన్నదాన్ని బట్టి మట్టి పండు మీద ప్రభావం చూపుతుంది.