పాత కారులో బ్రేక్ పెడల్ గట్టిపడి, డాష్‌బోర్డు మీద బ్రేక్ ఎర్రలైటు కూడా వెలుగుతుంటే లోపం ఒకటేనా?

సాధారణంగా కాదు. పెడల్ గట్టిపడటానికి కారణం బూస్టర్ (వాక్యూమ్ సాయంతో కాలి ఒత్తిడిని పెంచే భాగం) వైపు ఉంటుంది, లైటుకు కారణం వేరే చోట ఉంటుంది. కనుక రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి.

ఇంజిన్ ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చేసినప్పుడు అది కాలి కింద కొద్దిగా దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. దిగకపోతే ముందుగా ఇంజిన్ నుంచి బూస్టర్‌కు వచ్చే వాక్యూమ్ పైపునూ, దాని వన్‌వే వాల్వునూ చూడండి. పాతబడిన రబ్బరు తరచుగా క్లిప్పు దగ్గరే పగులుతుంది, వంచి చూస్తే తప్ప ఆ పగులు కనబడదు. పెడల్ తొక్కి ఉంచినంతసేపూ బుస్సుమనే శబ్దం వస్తూ, ఇంజిన్ ఐడ్లింగ్ కూడా తడబడుతుంటే బూస్టర్ లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) చిరిగి ఉండవచ్చు. డీజిల్ కారైతే వాక్యూమ్ పంపును కూడా పరీక్షించాలి.

లైటు విషయంలో హ్యాండ్‌బ్రేక్ స్విచ్ ఇరుక్కుపోవడం చిన్న లోపం. బ్రేక్ ఆయిల్ తగ్గి ఉంటే మాత్రం నింపేసి ఊరుకోవడం ప్రమాదకరం. ప్యాడ్లు అరిగినా మట్టం తగ్గుతుంది, కానీ ఎక్కడా చుక్క కారకుండా పదేపదే తగ్గుతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం) వెనుక సీలు నుంచి ఆయిల్ బూస్టర్‌లోకి పోతున్నదని అనుమానించాలి. అది డయాఫ్రమ్‌ను కూడా పాడుచేస్తుంది కనుక, మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఒకే లోపం వల్ల వచ్చే అవకాశం ఇక్కడ ఉంది. సిలిండర్ నట్లు విప్పించి, వెనుక తడి ఉందేమో మెకానిక్ చేత చూపించండి.

పెడల్ మెత్తబడి కిందికి జారిపోతుంటే మాత్రం కారు నడపకండి, టోయింగ్ చేయించండి.