ఇంగ్లీషు మాటలకు అర్థాలు రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

హైస్కూలు పిల్లల కోసం నువ్వు రాస్తున్న ఇంగ్లీషు మాటల పుస్తకం తొలి పుటలు చదివాను. అక్షర దోషాలు లేవు, వరుస బాగుంది. అయినా ‘వేర్’ అనే మాట ఎదుట ‘ధరించు’ అని ఒక్క ముక్క రాసి నువ్వు ముందుకు వెళ్లిపోవడం నాకు కష్టంగా తోచింది. మన ఇళ్లలో ఎవరు ఏం ధరిస్తున్నారు? చీర కట్టుకుంటాం, చొక్కా వేసుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం, పూలు ముడుచుకుంటాం. ఇన్ని క్రియలతో మనం చెప్పేదాన్ని ఇంగ్లీషులో ఆ ఒక్క మాటతోనే చెబుతారని వివరిస్తే పిల్లవాడికి అది వెంటనే పట్టుబడుతుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. ‘వేర్’ ఒంటి మీద ఉన్నదాన్ని చెబుతుందే గాని వేసుకునే పనిని చెప్పదు. ఆ పనికి ‘పుట్ ఆన్’ అనాలి. మనకు రెండింటికీ ‘వేసుకో’ ఒక్కటే చాలు గనుక, చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న కుర్రవాడు ‘ఐ యామ్ వేరింగ్ మై షర్ట్, వెయిట్’ అంటాడు. నీ పుస్తకం దిద్దవలసింది ఈ తప్పునే.

‘నో’ (know) అనే క్రియ దగ్గరా ఇంతే. దారి తెలుసు, ఈత వచ్చు. మనం వేరుచేసి చెప్పే ఈ రెండింటినీ అది కలిపేస్తుంది, అయితే ఈత విషయంలో దాని పక్కన ‘హౌ టు’ చేర్చాలి.

మన వాడుకలో అర్థం మారిన మాటలను విడిగా చూడు. హోటల్ అంటే మనకు ఇడ్లీ తినే చోటు, ఇంగ్లండులో బస చేసే చోటు. నా దగ్గర చదివిన ఒక విద్యార్థి పైచదువుకు విదేశం వెళ్లి, పాఠం విన్నాక ‘ఐ హావ్ ఎ డౌట్’ అన్నాడట. అడగవలసిన ప్రశ్న ఉందని అతని ఉద్దేశం. తాను చెప్పినదాన్ని నమ్మడం లేదని ఆచార్యుడు అనుకున్నాడు. ఈ మాటను ముందే వివరించలేదే అని నేను చాలాకాలం బాధపడ్డాను.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, 1852లో అచ్చయిన తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో పద్యాలతోపాటు జనం నోట నలిగే వాక్యాలనూ ఉదాహరణలుగా ఇచ్చాడు. మన భాష కోసం ఒక పరాయి దేశస్థుడు అంత శ్రమపడినప్పుడు, మన పిల్లల కోసం మాటకు రెండు వాక్యాలైనా రాయడం నీకు భారం కాకూడదు. ఆ వాక్యాలు బస్సు, బడి, మందుల దుకాణం, రేషను కార్డు చుట్టూ తిరగనివ్వు. మంచు కురిసే ఊళ్ల వాక్యాలు మన పిల్లలకు అక్కరకు రావు.

ముందు ‘వేర్’ పుటను తిరగరాసి పంపు. ‘గెట్’ జోలికి మాత్రం ఇప్పుడే పోకు. పండక్కి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని రాద్దాం.