ప్లేట్‌లెట్ల యాంటీబాడీ పరీక్షతో ఐటీపీ ఖాయంగా తేలుతుందా?

ప్రశ్న: నా వయసు 34. మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట. ఆరు నెలలుగా నా ప్లేట్‌లెట్లు 40 వేలకూ 55 వేలకూ మధ్య ఉంటున్నాయి. జ్వరం, రక్తస్రావం లేవు. ఐటీపీ (ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా) కావచ్చని డాక్టరు గారు అన్నారు. యాంటీబాడీ పరీక్ష కోసం రక్తాన్ని హైదరాబాద్ పంపమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే పంపనవసరం లేదమ్మా. ఐటీపీలో మన శరీరమే ప్లేట్‌లెట్ల పైపొరలోని గ్లైకోప్రొటీన్ల (చక్కెర అణువులు కలిసిన ప్రొటీన్ల) మీద యాంటీబాడీలను తయారుచేస్తుంది, అవి అంటుకున్న ప్లేట్‌లెట్లను ప్రధానంగా ప్లీహం నాశనం చేస్తుంది. ఆ యాంటీబాడీలను కొలిస్తే జబ్బు తేలిపోవాలి కదా అనిపిస్తుంది గానీ, కొలవడమే కష్టం.

పాత పద్ధతిలో ప్లేట్‌లెట్లతో ఉన్న ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) మొత్తాన్ని లెక్కగట్టేవారు. ప్లేట్‌లెట్ల లోపలి ఆల్ఫా రేణువుల్లో సహజంగానే ఐజీజీ ఉంటుంది కనుక, ప్లేట్‌లెట్లు వేరే కారణాలతో తగ్గినవారిలోనూ ఫలితం ఎక్కువగా వచ్చేది. మెరిసే రంగు తగిలించి లేజర్ కాంతిలో చూసే ఫ్లో సైటోమెట్రీ సున్నితమైనదే అయినా, యాంటీబాడీ ఏ ప్రొటీన్‌కు అంటుకుందో మామూలుగా చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి 1987లో వెలువడిన మైపా (MAIPA) పద్ధతిలో, ఎలుక యాంటీబాడీల సాయంతో IIb/IIIa, Ib/IX వంటి ఒక్కో గ్లైకోప్రొటీన్‌ను విడిగా పట్టుకుని, దానికి రోగి యాంటీబాడీ అంటుకుని ఉందేమో పరిశీలిస్తారు. రోగి సీరంలో (రక్తంలోని ద్రవభాగంలో) వెతకడం కంటే రోగి ప్లేట్‌లెట్ల మీదే నేరుగా వెతకడం నమ్మదగినది; కాకపోతే సంఖ్య తక్కువగా ఉన్నవారి నుంచి ఎక్కువ రక్తం తీయాలి, అది తాజాగా ల్యాబుకు చేరాలి. ఇంత చేసినా ఐటీపీ ఉన్నవారిలో దాదాపు సగం మందికే పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వస్తే అనుమానం బలపడుతుంది, నెగెటివ్ వస్తే ఐటీపీ లేదని కాదు. పైగా చికిత్సను నిర్ణయించేది రక్తస్రావం, ప్లేట్‌లెట్ల సంఖ్యే. (తల్లి యాంటీబాడీల వల్ల నవజాత శిశువుకు ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు మాత్రం ఇలాంటి పరీక్షలు ఎంతో అవసరం.)

ముందుగా స్లైడు మీద రక్తపు చుక్కను పలుచగా పరిచి మైక్రోస్కోపులో చూసే స్మియర్ పరీక్ష చేయించారో లేదో కనుక్కోండి. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ రసాయనం వేసిన ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి, యంత్రానికి తక్కువగా కనబడతాయి. అప్పుడు సిట్రేట్ ట్యూబులో రక్తం తీసి మళ్లీ లెక్కించాలి. ప్లేట్‌లెట్లు తగ్గడానికి వేరే కారణం ఉందేమో చూడటానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి, థైరాయిడ్ పరీక్షలు ఎక్కువ ఉపయోగం. నిజంగానే ఐటీపీ అయినా, రక్తస్రావం లేకుండా 30 వేలకు పైన ఉన్న పెద్దవారిలో చాలామందికి మందులు అక్కరలేదు, క్రమంగా పరీక్షించుకుంటే చాలు. ఒళ్లునొప్పులకు డైక్లోఫినాక్ వంటి బిళ్లలు మాత్రం వేసుకోకండి. అవి ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి, కిడ్నీలకూ చేటు చేస్తాయి; కిడ్నీ జబ్బులు అంతగా ఉన్న మీ ఉద్దానంలో వాటికి దూరంగా ఉండటానికి ఇంకో కారణం చెప్పనక్కరలేదు. తీవ్రమైన తలనొప్పి, నల్లటి విరేచనం, ఆగని రక్తస్రావం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.