నోరు విప్పని మనిషి కోసం

కన్నా,

నువ్వు మొదలుపెట్టబోయే ఆన్‌లైన్ గ్రూపు కోసం పంపిన నియమాల జాబితా చూశాను. ఇరవై రెండు నియమాలు, వాటి కింద మళ్లీ ఉపనియమాలు! చదువుతుంటే నాకే టెన్షన్ వచ్చింది, ఇక బిక్కుబిక్కుమంటూ వచ్చే కొత్తవాళ్ల సంగతి చెప్పేదేముంది? ఏ మాటంటే ఏం తప్పవుతుందోనని గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోతారు. నియమాలు వద్దనను. ఐదారు చాలు. మిగతాది నువ్వూ నీ తోటి అడ్మిన్లూ రోజూ ఎలా మాట్లాడతారో చూసి జనమే నేర్చుకుంటారు.

క్వీర్ మనుషుల కోసం (స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు, పుట్టినప్పుడు ఆడో మగో అని రాసినదానికి వేరుగా తమని తాము చూసుకునే ట్రాన్స్ మనుషులు, ఇలాంటివాళ్లందరికీ కలిపి వాడే మాట అది), వాళ్లకి అండగా ఉండేవాళ్ల కోసం నేను ఇలాంటి గ్రూపులు మూడు నడిపాను. అందులో ఒకటి నా చేతుల మీదే మూతపడింది. కాబట్టి ఈ ఉత్తరంలో తెలివితేటల కంటే తగిలిన దెబ్బలే ఎక్కువ ఉంటాయి.

ముందు ఒకటి తేల్చుకో. గ్రూపు ఎవరి కోసం? రోజూ కబుర్లు చెప్పే పదిహేను మంది కోసమే అనిపిస్తుంది, ఎందుకంటే కనిపించేది వాళ్లే. కానీ అసలు మనిషి వేరే ఉన్నారు. అర్ధరాత్రి దుప్పట్లో ఫోను వెలుగు తగ్గించుకుని, పైనుంచి కింది దాకా చదివి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయే మనిషి. నీ ప్రతి నిర్ణయం ఆ మనిషిని తలుచుకుని తీసుకో.

రెండో గ్రూపులో అలాంటివారు ఒకరుండేవారు. పదకొండు నెలలు ఒక్క మాట రాయలేదు. అప్పుడప్పుడూ పేరు పక్కన 'టైప్ చేస్తున్నారు' అని కనిపించేది, ఆగిపోయేది. ఒక రాత్రి ఎవరో 'ఇంట్లో నవ్వు మొహం పెట్టుకుని తిరగడానికే సగం ఓపిక అయిపోతోంది' అని రాస్తే, దాని కింద 'నాకూ అంతే' అని వచ్చింది. రెండే మాటలు. నాకు పట్టలేనంత సంతోషం. 'స్వాగతం! మీ గురించి చెప్పండి!' అని టైప్ చేసేశాను కూడా. పంపబోతూ ఆగాను. అంతా చెరిపేసి, ఒక గుండె గుర్తు పెట్టి ఊరుకున్నాను. మూడు రోజుల తర్వాత ఇంకో మెసేజ్ వచ్చింది. అది చదవడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

అందుకే నీ జాబితాలో 'చేరిన వారంలోగా పరిచయం చేసుకోవాలి' అన్నది కొట్టేశాను. 'నెల రోజులు మాట్లాడనివారిని తీసేస్తాం' అన్నది రెండుసార్లు కొట్టేశాను.

ఇక పేరు. నా మొదటి గ్రూపు పేరులోనే 'గే' అన్న మాట ఉండేది, బొమ్మ నిండా ఇంద్రధనుస్సు. చూసుకుని మురిసిపోయేవాళ్లం. ఒకసారి ఒక కుర్రాడు ఫోను బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. తెర మీద గ్రూపు పేరు వెలిగింది. ఇంట్లోవాళ్లు చూశారు. తర్వాత ఏం జరిగిందో నాకు చెప్పలేదు. గ్రూపులోంచి వెళ్లిపోయే ముందు 'మీ తప్పేం లేదు' అని మాత్రం రాశాడు. నా తప్పే, కన్నా. ఈ విషయం మనకంటే ముందువాళ్లకి బాగా తెలుసు. 1983లో, ఇంటర్నెట్ ఇంకా ఇళ్లలోకి రాని కాలంలో, స్టీవ్ డయర్ అనే ఆయన యూజ్‌నెట్‌లో, అంటే కంప్యూటర్ల మీద నడిచే పాతకాలపు చర్చల వ్యవస్థలో, మనలాంటివాళ్ల కోసం ఒక చర్చావేదిక పెట్టి దానికి 'నెట్ డాట్ మాట్స్' అని పేరు పెట్టారు. 'మెంబర్స్ ఆఫ్ ద సేమ్ సెక్స్' అన్న మాటల్లో మొదటి అక్షరాలు అవి. జాబితాలో చూసేవాళ్లకి అదేదో సాంకేతిక గొడవలా అనిపిస్తుంది, కావలసినవాళ్లకి అర్థమవుతుంది. నువ్వూ అలాంటి మామూలు పేరే పెట్టు. పువ్వు పేరో, పిట్ట పేరో. చేరగానే మొదట చెప్పాల్సింది కూడా నియమాలు కాదు, తాళం వేసిన తెర మీద మెసేజ్‌లు కనబడకుండా ఎలా చేసుకోవాలో చెప్పు.

నీ పరిచయ వాక్యంలో 'ఇక్కడ మీరు పూర్తిగా క్షేమం' అని రాశావు. అంత మాట అనకు. స్క్రీన్‌షాట్ తీసేవాళ్లని ఆపే మంత్రం మన దగ్గర లేదు. 'ఇక్కడ రాసినది బయటికి తీసుకెళ్లేవాళ్లని వెంటనే తీసేస్తాం. అయినా అసలు పేరు, పనిచేసే చోటు, మొహం కనిపించే ఫోటో పెట్టే ముందు ఒకసారి ఆలోచించుకోండి' అని రాయి. నిజం చెప్పిన అడ్మిన్‌ని జనం నమ్ముతారు.

మాటల దగ్గరికి వస్తే, మన తెలుగు మనకి కొంత సాయం చేస్తుంది, కొంత ఇరికిస్తుంది. 'నేను వచ్చాను' అంటే రాసింది ఆడో మగో ఎవరికీ తెలియదు. మనిషి ఏళ్ల తరబడి తన గురించి రాస్తూ కూడా ఆ సంగతి దాచుకోవచ్చు, లేదా తేల్చుకోకుండానే ఉండొచ్చు. 'తను' ఉంది, 'గారు' ఉంది, 'వచ్చారు' ఉంది. ఎవరినీ నొప్పించని మాటలివి. కొత్తవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు వాటినే వాడు, చిన్నవాళ్లయినా సరే. చిక్కంతా వరసల దగ్గర. ఆప్యాయంగా 'అక్కా' అనేస్తాం, 'బాబూ' అనేస్తాం. మా గ్రూపులో ఒక ట్రాన్స్ అబ్బాయి తనకు తెలిసిన డాక్టరు గురించి ఓపిగ్గా నాలుగు పేరాలు రాస్తే, కింద ఎవరో 'చాలా థాంక్స్ అక్కా' అన్నారు. పాపం, మనసులో ఏమీ లేదు. అతను వారం రోజులు కనబడలేదు. అప్పటినుంచి మాకో అలవాటు పడింది. వరస కలిపే ముందు 'మిమ్మల్ని ఏమని పిలవమంటారు?' అని అడగడం.

పొరపాటు జరిగితే? 'సారీ అన్నా' అని సరిదిద్దుకుని అసలు విషయంలోకి వెళ్లిపోవాలి. కొందరు పేజీల కొద్దీ క్షమాపణలు రాస్తారు. చివరికి నొప్పి పడ్డ మనిషే 'ఫర్వాలేదండీ, బాధపడకండి' అని ఓదార్చాల్సి వస్తుంది. ఇక పాత పేరు ఏమిటి, ఆపరేషన్ అయిందా అనే ప్రశ్నలు ఎవరు అడిగినా, ఎంత ప్రేమగా అడిగినా, తీసెయ్యి. 'క్వీర్' అన్న మాట కూడా ఒకప్పుడు తిట్టే. గ్రూపుకి వాడుకో, కానీ ఆ మాట పడని పెద్దవాళ్ల మీద రుద్దకు.

అండగా నిలిచేవాళ్ల గురించి నువ్వు చాలా కంగారు పడుతున్నావు. వాళ్లని రానివ్వాలా, వేరే గది ఇవ్వాలా, పేరు పక్కన గుర్తు పెట్టాలా అని. గుర్తు మాత్రం వద్దే వద్దు. 'నేను ఊరికే సపోర్ట్ చేయడానికి వచ్చాను' అని చేరినవాళ్లలో కొందరికి అదొక గొడుగు. వాళ్ల సంగతి వాళ్లకే ఇంకా తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పే ధైర్యం లేకపోవచ్చు. 'నువ్వు మనలో ఒకరివా, కాదా' అని నిలదీస్తే ఆ గొడుగు లాగేసినట్టే.

తల్లిదండ్రులకి మాత్రం వేరే గది ఇవ్వు. వాళ్ల ఏడుపు నిజమైనదే. కానీ 'మా అబ్బాయి ఇలా అయ్యాడు' అని ఒక తల్లి రాసే మాట, అదే రోజు ఇంట్లో చెప్పిన పిల్లాడు చదవకూడదు. జీన్ మాన్‌ఫర్డ్ అనే స్కూలు టీచరు 1972లో న్యూయార్క్ ఊరేగింపులో తన కొడుకు పక్కన నడిచారు, మా పిల్లలకి అండగా తల్లిదండ్రులం ఏకమవుదామని రాసిన అట్ట పట్టుకుని. దారి పొడవునా కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చి, మా అమ్మానాన్నలతో ఒక్కసారి మాట్లాడండి అని అడిగారట. మరుసటి ఏడు ఒక చర్చిలో ఇరవై మంది దాకా కూర్చున్నారు. పీఎఫ్‌లాగ్ అనే, ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల సంస్థ అలా మొదలైంది. ఆవిడ తల్లిదండ్రులని కూర్చోబెట్టి మాట్లాడారు, పిల్లల మధ్యలోకి వచ్చి వాళ్ల తరఫున మాట్లాడలేదు. 'నేను మీకింత చేస్తున్నా' అంటూ మెచ్చుకోలు కోసం తిరిగే అండదారులకి ఈ కథ చెప్పు. పనికొస్తుంది.

ట్రోల్స్, అంటే గొడవ పెట్టడానికే వచ్చేవాళ్ల గురించి ఎక్కువ చెప్పను. తీసెయ్యి, బ్లాక్ చెయ్యి, వాదించకు. 'ఇదొక జబ్బు' అనేవాళ్ల కోసం ఒక పోస్టు రాసి పెట్టుకో. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితాలోంచి తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. ట్రాన్స్ మనుషుల సంగతిని కూడా మానసిక రుగ్మతల విభాగంలోంచి తప్పించిన ఆ సంస్థ కొత్త జాబితా 2022లో అమల్లోకి వచ్చింది. ఆ పోస్టు రాసేది ట్రోల్ కోసం కాదు, ఆ మాట చదివి ఒక్క క్షణం నిజమేమోనని వణికిన మనిషి కోసం. 'నయం చేస్తాం' అని వచ్చేవాళ్లకి ఒక్క నిమిషం కూడా టైమివ్వకు.

బయటివాళ్ల మాటలకంటే లోపలివాళ్ల మాటలే ఎక్కువ కోస్తాయి. ఆడామగా ఇద్దరి మీదా ఆకర్షణ ఉండే బైసెక్సువల్ మనిషిని 'ఎటో ఒకటి తేల్చుకో' అంటారు. ఎవరి మీదా లైంగిక ఆకర్షణ కలగని ఏసెక్సువల్ మనిషిని 'నీకు అసలు ఇక్కడ పనేముంది' అంటారు. 'ఏసెక్సువల్' అన్న మాట ఒకటుందని చాలామందికి తెలిసిందే 2001లో డేవిడ్ జే మొదలుపెట్టిన ఏవెన్ అనే వెబ్‌సైట్ లాంటి చోట్ల. ఆన్‌లైన్‌లోనే తమకో పేరు దొరికినవాళ్లని ఆన్‌లైన్‌లోనే తరిమేస్తామా? ఒకసారి గ్రూపు బొమ్మకి ఏ జెండా పెట్టాలని మావాళ్లు రెండు వారాలు కొట్టుకున్నారు. గిల్బర్ట్ బేకర్ 1978లో చేసిన జెండాలో ఎనిమిది రంగులుండేవి. ముదురు గులాబీ రంగు గుడ్డ దొరక్క ఒకటి పోయింది, తర్వాత ఇంకొకటి పోయి ఆరయ్యాయి. గుడ్డ దొరక్క మారిన జెండా కోసం ముగ్గురు మంచి మనుషులు గ్రూపు వదిలేశారు. నాకిప్పటికీ నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఎప్పుడో ఒక రాత్రి ఎవరో 'బతకాలని లేదు' అని రాస్తారు. ఆ రోజు కోసం ఇప్పుడే సిద్ధపడు. నలుగురూ నాలుగు సలహాలు ఇవ్వకుండా ఒక అడ్మిన్ పక్కకి తీసుకెళ్లి మాట్లాడాలి. 'చనిపోవాలని అనుకుంటున్నారా?' అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. వాళ్లుండే చోట పనిచేసే హెల్ప్‌లైన్ నంబరు నీ దగ్గర ఉండాలి, రెండు నెలలకోసారి దానికి ఫోన్ చేసి చూస్తుండాలి. ఆ మనిషి పక్కకి ఎవరో ఒకరు చేరేదాకా మాట్లాడుతూనే ఉండు. మర్నాడు నువ్వు సెలవు తీసుకో.

సెలవు అంటే గుర్తొచ్చింది. నా మొదటి గ్రూపు ట్రోల్స్ వల్ల మూతపడలేదు. నేనొక్కరినే నడిపాను, ఎవరికీ తాళాలివ్వలేదు, జబ్బుపడి నెల రోజులు మంచం మీదున్నాను. తిరిగొచ్చేసరికి అక్కడ చెత్త పేరుకుపోయింది, మనుషులు లేరు. కనీసం ముగ్గురు అడ్మిన్లుండాలి, ముగ్గురూ ఒకే రకం మనుషులు కాకూడదు, ముగ్గురి దగ్గరా తాళాలుండాలి.

జాబితా వెనక్కి పంపుతున్నాను. ఎర్రగీత పడినవి పోయినట్టే. పద్నాలుగోది, పెద్దవాళ్లు పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదన్నది, అన్నిటికంటే పైకి తీసుకురా.

గ్రూపు మొదలయ్యాక నన్నూ చేర్చు. కానీ 'మన పెద్దవారు వచ్చారు' అని దండోరా వెయ్యకు. కొన్నాళ్లు ఊరికే చదువుతాను.