3,000 అడుగుల ఇంటికి తక్కువ ఖర్చులో సెంట్రల్ ఏసీ: అనంతపురంలో మా ఇంటి అనుభవం

అన్నా, మీ ప్రశ్న చదివినాను. కర్నూలులో నందికొట్కూరు రోడ్డు వైపు కొత్త డూప్లెక్స్, రెండు ఫ్లోర్లు కలిపి 3,000 అడుగులు, నాలుగు బెడ్‌రూములు, ఆరుగురు మనుషులు, అమ్మానాన్న కింద ఉంటారు, డీలర్ వచ్చి చూసి 17 టన్నుల డక్టబుల్ (ఒకటే మెషిన్ నుంచి సీలింగ్‌లో రేకు గొట్టాల ద్వారా అన్ని రూములకూ చల్లగాలి పంపేది) పెట్టాలన్నాడు, మీ దగ్గర 6 లక్షలు ఉన్నాయి, ఏ కంపెనీది మంచిది అని అడిగినారు. కంపెనీ గురించి తర్వాత చెప్తాను, ముందు ఆ 17 టన్నుల కాడ ఆగండి. మేము డబ్బులు పోగొట్టుకున్నది సరిగ్గా ఆడనే, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా.

మాది అనంతపురం, రాంనగర్ వైపు. 2021లో ఇల్లు కట్టినాం, పైన కింద కలిపి 2,600 అడుగులు, పడమర ముఖం. ఇల్లంతా ఒకటే చల్లగా ఉండాలి, గోడలకు ఏసీ డబ్బాలు కనపడగూడదు అని ఇంట్లో అందరికీ ఆశ, దాంతో 8.5 టన్నుల డక్టబుల్ ఒక్కటే మెషిన్ తీసుకున్నాం, అవుట్‌డోర్ మిద్దె మీద, ఫాల్స్ సీలింగ్ లోపల జీఐ షీట్ డక్టులు, కింద హాల్లో ఒక థర్మోస్టాట్, అంటే ఆడి వేడి చూసి మెషిన్‌ను నడిపి ఆపేది. డక్టు పని, కరెంటు పని అన్నీ కలిపి 4 లక్షల 80 వేలు అయింది. పెట్టినాయన అడుగులు లెక్కేసినాడు, టన్నులు చెప్పినాడు, అంతే. ఏ రూములో ఎవరు ఉంటారు, పగలు ఎన్ని రూములు వాడతారు, రాత్రి ఎన్ని, మిద్దె మీద ఏముంది అని ఒక్క మాట అడగలేదు, మాకూ అవి చెప్పాలని తెలీదు.

మొదటి మే నెలలోనే తెలిసొచ్చింది. థర్మోస్టాట్ ఉండేది కింద హాల్లో, ఆడ 24 రాగానే కంప్రెసర్ ఆగిపోతుంది, అప్పటికి పై బెడ్‌రూముల్లో థర్మామీటర్ పెట్టి చూస్తే 31, 32. పైన చల్లబడాలని 20కి పెడితే కింద రూములో ఉండే మా జేజి మధ్యాహ్నం రెండు గంటలకు, బయట 42 డిగ్రీల ఎండలో, రెండు దుప్పట్లు కప్పుకొని పడుకునేది. ఆమెకు ఎనభై దాటినాయి. అట్లా ఆమెను చూసినప్పుడు నాకు చానా బాధేసింది, ఎందుకంటే ఆమె ఎండకు తట్టుకోలేకపోతోందనే అంత ఖర్చు పెట్టినాం.

ఇంక బిల్లు. ఆ నెల 1,450 యూనిట్లు కాలింది. మన దగ్గర ఇంటి కరెంటు స్లాబుల లెక్క మీకు తెలుసు కదా, మొదటి 400 యూనిట్లకు కలిపి రెండున్నర వేలే, ఆపైన ప్రతి యూనిట్ 9 రూపాయల 75 పైసలు. అంటే ఏసీ కాల్చే కరెంటు దాదాపు అంతా పై స్లాబులోనే పడుతుంది. అన్ని ఛార్జీలూ కలిపి పదమూడున్నర వేలు కట్టినాం, అయినా పిల్లలు పైన చెమటల్లోనే పడుకున్నారు. ఫోన్ చేస్తే పెట్టినాయన చెప్పిందేమంటే, మెషిన్ చాలట్లేదు సార్, 11 టన్నులకు మారుద్దాం అని. ఇంకో రెండు లక్షలు.

మా బావమరిది కర్నూలు నుంచి ఒక పాత మెకానిక్‌ను పిలిపించినాడు. ఆయన మెషిన్ వైపు కూడా చూడలేదు, టార్చిలైటు పట్టుకొని ఫాల్స్ సీలింగ్‌లోకి ఎక్కినాడు. మెట్ల దగ్గర డక్టు మలుపులో జాయింటు తెరుచుకొని చల్లగాలి అంతా సీలింగ్ లోపలే పోతోంది, అదే మలుపులో ఇన్సులేషన్ లేక నీళ్ళు చెమర్చి జిప్సం బోర్డు నల్లగా ఉబ్బింది. కిందికి దిగి పై రూముల తలుపులు మూసి చూసినాడు. "సారూ, గాలి లోపలికి పోయేదానికి దారి పెట్టినారు, మళ్ళీ వచ్చేదానికి యాడ పెట్టినారు?" అని అడిగినాడు. రిటర్న్ గాలి గ్రిల్ ఒక్కటే, అదీ కింద హాల్లో. పైన తలుపు వేసుకున్నామంటే రూములో గాలి బయటికి పోలేదు, పోకపోతే కొత్త చల్లగాలి లోపలికి రాదు. ఎన్ని టన్నులు పెంచినా ఆ రూము చల్లబడేది కాదు. ఈ ఒక్క మాట మీ డీలర్‌ను తప్పకుండా అడగండి: ప్రతి బెడ్‌రూముకూ రిటర్న్ ఎట్లా వస్తుంది, తలుపు మూస్తే ఏమవుతుంది. తడుముకుంటే ఆయన చేతికి డక్టు పని ఇవ్వొద్దండి.

రెండోది మిద్దె. మా ఊర్లో చౌడు మిద్దె ఇల్లు ఉండేది, మందంగా మట్టి, కింద నాపబండలు, ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద ఒట్టి ఒంటితో పడుకుంటే ఫ్యాను కూడా అక్కర్లేకపోయేది. ఇప్పుడు మనం వేసే ఐదంగుళాల కాంక్రీటు స్లాబు పొద్దంతా ఎండను తాగి, రాత్రంతా కిందికి వదుల్తుంది. రాత్రి పదకొండు గంటలకు పై రూములో స్టూలెక్కి సీలింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగుల్తుంది. ఆ వేడినంతా ఏసీనే బయటికి తోలాల. మేము మిద్దెకు తెల్ల కూల్ రూఫ్ కోటింగ్ రెండు పూతలు వేయించినాం, పడమటి కిటికీలకు బయట నుంచి వెదురు తడికలు కట్టించినాం. లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది, బయటే ఆపితేనే లాభం. మీది కొత్త ఇల్లు కాబట్టి ఇది ఏసీ కంటే ముందే చేయించండి, తర్వాత చేస్తే పెద్ద టన్నేజీకి పెట్టిన డబ్బు వెనక్కి రాదు.

ఆఖరికి మేము చేసిందేమంటే, పై ఫ్లోరు డక్టులు మూసేసి ఆడ రెండు రూములకు 1.5 టన్ను 5 స్టార్ ఇన్వర్టర్ స్ప్లిట్లు (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే రకం) విడిగా పెట్టినాం. డక్టబుల్‌ను కింద ఫ్లోరుకే వదిలినాం, మా మెషిన్‌లో రెండు కంప్రెసర్లు ఉంటే ఆ మెకానిక్ ఒకదాంతోనే నడిచేటట్టు మార్చినాడు, జేజి రూముకు పోయే డక్టులో డ్యాంపర్ పెట్టి గాలి తగ్గించినాడు. మరుసటి మేలో 850 యూనిట్లు వచ్చింది, బిల్లు ఏడున్నర వేల చిల్లర, పై రూములు 25లో ఉన్నాయి. మొదటే ఇట్లా చేసి ఉంటే అంత పెద్ద మెషిన్ కొనే పనే లేదు.

ఇంక మీ ఇల్లు. ఒక కాగితం తీసుకొని మధ్యాహ్నం రెండు గంటలకు ఏ రూముల్లో మనుషులు ఉంటారో రాయండి, రాత్రి పదకొండుకు ఏ రూముల్లో ఉంటారో ఇంకో పక్కన రాయండి. నాకు తోచినంత వరకు మీకు పగలు హాలు, అమ్మానాన్న రూము, రాత్రి నాలుగు బెడ్‌రూములు. హాలూ అన్ని రూములూ ఒకేసారి నడిచే గంట రోజులో ఉండదు. 17 టన్నులంటే ఇల్లు మొత్తం ఒకేసారి చల్లబెట్టే లెక్క, ఆ లెక్క షోరూముకో ఫంక్షన్ హాలుకో సరిపోతుంది గానీ ఇంటికి సరిపోదు.

రూముకు తగినట్టు నడిచే సెంట్రల్ సిస్టమ్ అంటే వీఆర్‌ఎఫ్, ఒక అవుట్‌డోర్‌కు చానా ఇండోర్లు, ఏ రూము ఆన్ చేస్తే దానికి సరిపడా గ్యాస్ పోతుంది, ఇన్వర్టర్ కంప్రెసర్, నిజంగా మంచి సిస్టమ్. మాకు అప్పట్లోనే 9 లక్షలు చెప్పినారు, మీ బడ్జెట్‌లో రాదు. మల్టీ స్ప్లిట్ అని ఇంకోటి ఉంది, ఒక అవుట్‌డోర్‌కు రెండు మొదలు ఐదు ఇండోర్ల దాకా, అవుట్‌డోర్ పెట్టే జాగా లేని అపార్ట్‌మెంట్లకు పనికొస్తుంది. కానీ దాంట్లో అవుట్‌డోర్ పీసీబీ (మెషిన్‌ను నడిపే కరెంటు బోర్డు) కాలిందంటే అన్ని రూములూ ఒకేసారి ఆగిపోతాయి, మే నెలలో మన ఊర్లలో మెకానిక్ దొరకాలంటే నాలుగు రోజులు. మీకు మిద్దె ఉంది, ఆ తిప్పలు ఎందుకు.

నేనైతే మీ డబ్బుతో ఇట్లా చేస్తాను. నాలుగు బెడ్‌రూములకు నాలుగు 5 స్టార్ ఇన్వర్టర్ స్ప్లిట్లు, పైవి 1.5 టన్ను, కింద ఎండ తగలని రూముకు 1 టన్ను చాలు. హాలు, డైనింగు కలిసి ఉంటే ఆడ 3 టన్నుల ఇన్వర్టర్ క్యాసెట్ (సీలింగ్‌లో అమర్చే ఏసీ) ఒకటి. గోడకు డబ్బా కనపడగూడదు అనుకుంటే ఫాల్స్ సీలింగ్‌లో దాక్కునే చిన్న డక్టెడ్ యూనిట్లు ఒకటిన్నర, రెండు టన్నుల్లోనే దొరుకుతాయి, దేని అవుట్‌డోర్ దానికే, చూడటానికి సెంట్రల్ ఏసీ మాదిరే ఉంటుంది. ఈ మధ్య నేను విచారించిన ధరల్లో ఇదంతా, పైపులూ ఫిట్టింగూ మిద్దె కోటింగూ కలిపి, నాలుగు లక్షలకు అటూ ఇటూ వస్తుంది. మిగిలినదాంట్లో 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకోండి, కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ వస్తుంది, మన ఎండకు రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తుంది, తగ్గేది 9.75 స్లాబులోంచే తగ్గుతుంది.

కంపెనీ అన్నారు కదా. పెద్ద కంపెనీల మెషిన్లలో మీరు భయపడేంత తేడా లేదు, కర్నూలులోనే సర్వీస్ సెంటర్ ఎవరికి ఉందో వాళ్ళది కొనండి. చూడాల్సింది ఇంకోటి ఉంది, డబ్బా మీద రాసే టన్నేజీ బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది, మనకు మే నెలలో 42, 43 ఉంటుంది, ఆ వేడికి ఏ ఏసీ అయినా శక్తి తగ్గుతుంది, అందుకని స్పెసిఫికేషన్ కాగితంలో 46 డిగ్రీల దగ్గర ఎంత కెపాసిటీ ఇస్తుందో అడిగి చూడండి. కండెన్సర్ కాపర్‌దే తీసుకోండి. అవుట్‌డోర్లను పక్కపక్కన ఇరికించి పెట్టొద్దు, ఒకటి వదిలే వేడిగాలి ఇంకోటి పీల్చుకుంటుంది. మీ కొటేషన్ పాతదైతే దాంట్లో జీఎస్టీ ఎంత వేసినారో చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద 28 శాతం కాస్తా 18 అయింది. త్రీ ఫేజ్ మీటరు, అదనపు లోడు ముందే రాయించుకోండి, మేము ఆలస్యం చేసి నెల రోజులు మెషిన్‌ను ఊరికే పెట్టుకున్నాం.

ఫిట్టింగ్ రోజు మీరు ఇంట్లోనే ఉండండి. గోడలో పైపు మూసేసే ముందు నైట్రోజన్ నింపి ఒక రోజంతా వదిలేయమనండి, గేజీ ముల్లు దిగకపోతేనే సిమెంటు పెట్టనివ్వండి, తర్వాత లీకు దొరికితే గోడ పగలగొట్టాల్సిందే. వాక్యూమ్ పంపు తెచ్చి పైపులో గాలి, తేమ లాగాలి, కొంతమంది తొందరపడి మెషిన్‌లో ఉన్న గ్యాస్‌నే కొంచెం వదిలి పైపు ఊదేస్తారు, అది ఒప్పుకోవద్దు. డ్రెయిన్ పైపుకు వాలు ఉందో లేదో ఒక చెంబు నీళ్ళు పోసి మీరే చూడండి. ఆషాఢం గాలి మొదలైతే మా ఇంట్లో ఫిల్టర్లు పది రోజులకే ఎర్రమట్టితో మూసుకుపోతాయి, మీకూ దాదాపు అంతే ఉంటుంది, అందుకని నిచ్చెన లేకుండా చెయ్యి అందే చోట పెట్టించుకోండి.

కూలర్‌ను కూడా తీసిపారేయొద్దు అన్నా. మార్చి నుంచి మే దాకా మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి హాల్లో పగలంతా కూలర్ చానా బాగా పనిచేస్తుంది, మా జేజికి ఏసీ కంటే అదే ఇష్టం. రెండూ ఒకే రూములో ఒకేసారి మాత్రం వేయకండి, కూలర్ తేమ అంతా ఏసీ మీద పడుతుంది. ఏసీ 26లో పెట్టి పైన ఫ్యాను తిప్పండి, ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు తగ్గుతుందని ఏసీలకు స్టార్ రేటింగ్ చూసే బీఈఈ వాళ్ళే చెప్తారు, మా బిల్లులో కూడా తేడా కనపడింది.

పని డిసెంబర్, జనవరిలో చేయించుకుంటే మెకానిక్‌లు తీరిగ్గా దొరుకుతారు, రేటు కూడా తగ్గుతుంది. కానీ చలికాలంలో ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది, లోపం తెలీదు. అందుకని మొత్తం డబ్బులో పది శాతం ఏప్రిల్ నెలాఖరుకు ఇస్తానని ముందే కాగితం మీద రాయించుకోండి, పై బెడ్‌రూములో మధ్యాహ్నం మూడు గంటలకు తలుపులు వేసి 26 వస్తుందో లేదో ఆయనను పక్కన కూర్చోబెట్టుకొని చూసినాకనే ఆ డబ్బు ఇవ్వండి.