సుబాబుల్ ఆకు మేకకు మేతే, పెట్టకు కాదు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. పెరట్లో 100 గ్రామప్రియ పెట్టలున్నాయి, వయసు 11 నెలలు. పగలు కాసేపు బయట తిరుగుతాయి, మిగతాది మేము పెట్టే దాణానే. దాణా ఖర్చు తట్టుకోలేక నెలన్నర నుంచి సోయా చెక్క సగానికి తగ్గించి, దాని బదులు సుబాబుల్ ఆకు ఎండబెట్టి పొడి చేసి కలుపుతున్నాం. ఇప్పుడు దాణాలో అది నాలుగో వంతు ఉంటుంది. మా మేకలు ఆ ఆకే తిని బాగున్నాయి కదా అనుకున్నాం. పచ్చసొనకు మంచి రంగు వచ్చింది కానీ, రోజుకు 55 వచ్చే గుడ్లు 30కి పడిపోయాయి. జబ్బు లక్షణాలేమీ లేవు. గట్టు మీద మునగ, అవిశ కూడా ఉన్నాయి. ఏ ఆకు పెట్టాలి, ఎంత పెట్టాలి?
(ఒక మహిళా రైతు)

జవాబు: అమ్మా, ముందుగా ఈ రోజే సుబాబుల్ పొడి కలపడం ఆపేయండి. మీరు రాసిన వివరాలను బట్టి గుడ్లు తగ్గడానికి ప్రధాన కారణం అదే.

సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు బాగానే ఉంటాయి, ఎండు ఆకులో 20 శాతం పైమాటే. అయితే దాంతోపాటు మైమోసిన్ అనే విషపదార్థం కూడా ఉంటుంది, లేత చిగుళ్లలో మరీ ఎక్కువ. మేక పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని చాలావరకు విరగ్గొడతాయి. కోడికి అలాంటి పొట్ట లేదు. కందనకాయ ఆకును నలుపుతుందే తప్ప విషాన్ని తీసేయలేదు. అందుకే కోడిపిల్లల్లో ఎదుగుదల ఆగిపోతుంది, పెట్టల్లో గుడ్లు తగ్గుతాయి. మేకలకు కూడా మొత్తం మేతలో మూడో వంతు మించకుండా వేస్తే మంచిది.

పచ్చసొన రంగు చూసి ఆకు పడుతోందనుకోవడం సహజం, చాలామంది అక్కడే పొరబడతారు. ఆ రంగు ఆకులోని పసుపు వర్ణకాల వల్ల వస్తుంది. అది పెట్ట ఆరోగ్యానికి గుర్తు కాదు. పెట్టకు దాణా సరిపోతోందో లేదో చెప్పేది గుడ్ల లెక్కే. మీరు ఆ లెక్క రాసి పెట్టుకున్నారు, దానివల్లే కారణం పట్టుకోవడం తేలికైంది.

మైమోసిన్‌కు తోడు ఇంకో నష్టం కూడా జరిగింది. ఏ చెట్టు ఆకైనా పీచు ఎక్కువ, శక్తి తక్కువ. నాలుగో వంతు ఆకు కలిపితే కడుపు నిండినట్టే ఉంటుంది కానీ గుడ్డుకు కావలసిన బలం అందదు. సోయా చెక్క సగం తీసేయడంతో ఆ లోటు ఇంకా పెరిగింది.

ఇక మునగ. మీ గట్టు మీద ఉన్నవాటిలో కోళ్లకు నేను ధైర్యంగా చెప్పే ఆకు ఇదొక్కటే. ఎండిన మునగాకులో మాంసకృత్తులు దాదాపు 25 శాతం ఉంటాయి, పచ్చసొనకు రంగు కూడా ఇస్తుంది. అయినా 100 కిలోల దాణాకు 5 కిలోలు దాటనివ్వకండి. దీంతో ఎంత మిగులుతుందో ముందే లెక్క చూసుకోవాలి. 5 కిలోల పొడిలో మాంసకృత్తులు కిలోంపావు వస్తాయి, అంటే 3 కిలోల లోపు సోయా చెక్కతో సమానం. ఆ 5 కిలోల పొడి కావాలంటే 20 నుంచి 25 కిలోల పచ్చి ఆకు దూయాలి. కాయలు అయిపోయాక కొమ్మలు కొట్టే రోజుల్లో ఆకు ఎలాగూ వస్తుంది, అప్పుడు చేసుకోండి. ఆకు కోసం కూలి మనిషిని పెట్టుకుంటే మాత్రం గిట్టదు.

ఆకును కాడల నుంచి దూసి, నీడలో పలుచగా పరిచి, రోజుకు రెండు మూడుసార్లు తిరగేయండి. ఎర్రటి ఎండలో వేస్తే రంగు, విటమిన్ ఎ పోతాయి. చేత్తో నలిపితే గలగలమని పొడి అయ్యేదాకా ఆరాలి. తడి మిగిలితే బూజు పడుతుంది, బూజు విషాన్ని కోళ్లు అస్సలు తట్టుకోలేవు. ఒక నెలకు సరిపడా మాత్రమే చేసి గాలి తగలని డబ్బాలో ఉంచండి. గొంగళి పురుగుకు మందు కొట్టిన చెట్టు ఆకు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు.

అవిశ ఆకు మనం వండుకు తింటాం, పశువులకూ వేస్తాం. కోళ్లకు మాత్రం పడదు, పిల్లలకైతే ప్రమాదం. పచ్చిరొట్ట కోసం పెంచే గ్లిరిసిడియా చెట్టు ఆకు కూడా వద్దు. గన్నేరు కొమ్మలు కొట్టినప్పుడు కోళ్లు తిరిగే చోట పడేయకండి, అది నేరుగా విషం.

గుడ్లు పెట్టే పెట్టలకు 100 కిలోల దాణా ఇలా కలుపుకోవచ్చు: మొక్కజొన్న 53, సోయా చెక్క 20, నూనె తీసిన తవుడు 11, మునగాకు పొడి 5, షెల్ గ్రిట్ (నలిపిన గుల్లలు) 9, డైకాల్షియం ఫాస్ఫేట్ కిలోన్నర, మిగిలిన అర కిలోలో ఉప్పు, విటమిన్-ఖనిజ మిశ్రమం. ఆకులో సున్నం ఉంది కదా అని షెల్ గ్రిట్ తగ్గించొద్దు, పెంకు పలచబడుతుంది. రోజంతా లోపలే ఉండే పెట్ట 110 గ్రాముల దాకా తింటుంది. మీవి బయట తిరుగుతాయి కాబట్టి తక్కువ పడుతుంది. దాణా ఒక్కసారిగా మార్చకుండా వారం రోజుల్లో మెల్లగా మార్చండి, సుబాబుల్ మాత్రం ఈ రోజే ఆపాలి.

పొడి చేసే ఓపిక లేకపోతే లేత మునగ రెమ్మలు కట్టగా కట్టి ముక్కు అందే ఎత్తులో వేలాడదీయండి. దాణా తగ్గించకుండా అదనంగా ఇస్తే పెట్టలు తమకు కావలసినంత పొడుచుకు తింటాయి. నిజం చెప్పాలంటే 100 కోళ్ల వారికి నేను ఎక్కువగా చెప్పేది ఇదే. ఎనిమిది వారాలలోపు పిల్లలకు మాత్రం ఆకుపొడి ఏదీ కలపొద్దు, వాటి కడుపు చిన్నది, అందులో పీచుకు చోటు లేదు.

గుడ్లు రేపటికే పెరగవు, టెన్షన్ పడకండి. ఒక పచ్చసొన పూర్తిగా పెరగడానికే వారం నుంచి పది రోజులు పడుతుంది, అండాశయం తేరుకోవడానికి ఇంకొంత సమయం కావాలి. రోజువారీ లెక్క రాస్తూ ఉండండి. నెల రోజులైనా పుంజుకోకపోతే ఈకలు రాల్చే దశలో ఉన్నాయేమో, కడుపులో నట్టలున్నాయేమో చూడాలి. గురక, ఆకుపచ్చ విరేచనాలు, మెడ వంకర కనిపిస్తే కొక్కెర తెగులు కావచ్చు. అప్పుడు నెల దాకా ఆగకుండా ఆ రోజే మీ పశువైద్యుడికి చూపించండి.