డీజిల్ చిన్న ఎస్‌యూవీ: బండి సరే, సర్వీస్ సంగతేంటి?

విజయవాడలోనే ఆఫీసుకి రోజూ ఐదారు కిలోమీటర్లు తిరగడానికి నాలుగు మీటర్ల లోపు డీజిల్ ఎస్‌యూవీ కొనొచ్చా, తర్వాత డీలర్ దగ్గర ఇబ్బంది ఉంటుందా అని అడిగారు. అలాంటి బండే కొన్నేళ్ళుగా వాడుతున్నానండి. కంపెనీ పేరు ఎందుకులెండి.

ఇంజన్‌కి వంక పెట్టను. హైదరాబాద్ వెళ్ళొచ్చినా అలసట తెలియదు. తలనొప్పంతా డీపీఎఫ్‌తోనే, అంటే డీజిల్ పొగలోని మసిని ఆపే ఫిల్టర్‌తోనే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు సైలెన్సర్ లైన్‌లో ఈ ఫిల్టర్ తప్పనిసరైపోయింది. నిండినప్పుడు బండే ఆ మసిని కాల్చేసుకుంటుంది, కానీ అందుకు లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. పటమట నుంచి గవర్నర్‌పేటకి ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ వెళ్తే ఆ వేడి ఎక్కడ పుడుతుంది? కాల్చడం సగంలో ఉండగానే ఆఫీసు వచ్చేస్తుంది, ఇంజన్ ఆపేస్తాం. పదేపదే ఇలా జరిగితే కాలని డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలిసి డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరుగుతుంది. ఆయిల్ తగ్గితేనే కంగారు పడతాం గానీ పెరిగినా ప్రమాదమే.

నా బండిలో ఈ ఫిల్టర్ నిండిందని చెప్పే లైటు వెలిగితే సర్వీస్ అడ్వైజర్ బానెట్ కూడా ఎత్తకుండా, "ఫిల్టర్ మార్చాలి సార్, వారంటీలో రాదు" అనేశాడు. మాన్యువల్ తీస్తే, ముందు కాసేపు ఆపకుండా స్పీడుగా నడపమని రాసుంది. హైవే ఎక్కి గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్ వైపు ఒకే స్పీడులో పోనిచ్చా, లైటు ఆరిపోయింది. పికప్ పడిపోతే మాత్రం ఈ ప్రయోగం వద్దు, నేరుగా వర్క్‌షాప్‌కే. మీ వాడకానికి నన్నడిగితే పెట్రోలే.

ఇక డీలర్. డెలివరీ రోజు దండ వేసి, కేకు కోయించి, ఫోటోలు తీసినవాళ్ళు సర్వీస్‌కి వెళ్తే గుర్తుపట్టరు, అది మామూలే. మీరు పట్టుకోవాల్సింది జాబ్ కార్డు, అంటే బండి ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదులు రాసుకునే కాగితం. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమంటోందని చెబితే, మొదటిసారి "జనరల్ చెకప్" అని రాసుకుని, "అన్ని బండ్లకీ ఉంటుంది సార్" అని కడిగి ఇచ్చేశారు. తర్వాతిసారి "తక్కువ స్పీడులో, బ్రేకర్ దిగేటప్పుడు, ముందు ఎడమ వైపు శబ్దం" అని దగ్గరుండి రాయించా. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వర్క్‌షాప్ వెనక గతుకుల రోడ్డులో తిప్పా. రెండో గుంటకే అతను, "స్టెబిలైజర్ లింక్ అండి" అన్నాడు, అంటే చక్రం దగ్గర సస్పెన్షన్‌లో ఉండే చిన్న కడ్డీ. వారంటీలోనే మార్చారు. పని తెలిసినవాళ్ళు లోపలే ఉంటారు, మనల్ని కౌంటర్ దాటనివ్వరంతే.

ఎస్టిమేట్‌లో ఇంజన్ డ్రెస్సింగ్ (ఇంజన్‌ని పైన తుడిచి మెరుపు పూయడం), ఏసీ క్లీనింగ్ లాంటివి చేరుస్తారు. మాన్యువల్‌లోని సర్వీస్ పట్టికలో లేనివి కొట్టేయించాకే సంతకం పెట్టండి.

ఎంతకీ వినకపోతే కంపెనీకి మెయిల్ చేసి, అప్పటికీ కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలంటే సమస్య మొదలైన రెండేళ్ళలోపు వేయాలి. అక్కడ అడిగేవి బిల్లులు, జాబ్ కార్డు కాపీలే కాబట్టి వాట్సాప్‌లో పంపుతామంటే ఒప్పుకోకుండా కాగితం మీద తీసుకోండి.